సంచి కాయ

కమ్యూనిటీ హాల్లో ఒక మూల రెండు పాత చీరలు అడ్డం కట్టి, వాటి వెనక బల్ల వేసి, బల్లమీద దుప్పటి పరిచారు. అదే పరీక్ష గది. భవానీపురం కరకట్ట కింద, చేపలవాళ్ళ ఇళ్ళ మధ్య ఉన్న ఆ హాలుకి పెళ్ళిళ్ళూ పేరంటాలూ తెలుసుగాని రొమ్ము పరీక్షలు తెలియవు. గోడలకి మొన్నటి పెళ్ళి రంగుకాగితాలు ఇంకా వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి చీర పైకి లేచినప్పుడల్లా బయట బెంచీమీది ఆడవాళ్ళు కిసుక్కున నవ్వుతున్నారు. లోపలినుంచి పేరు పిలవగానే, ఆ పేరుగలావిడ మాత్రం నవ్వు మింగేసి, కొంగు సర్దుకుని లేస్తోంది.

వచ్చే ఏడాది పుష్కరాలనగా, ఆ ఆగస్టులో, బెజవాడలోని ఒక ట్రస్టువాళ్ళు ఈ పని తలపెట్టారు. పేటపేటకీ మిషన్లు పెట్టి చూడడం అయ్యే పని కాదు. చేత్తో తడిమి చూడడం తెలిసిన మనిషి ఉంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికిపోతుందన్నారు. పేటకో అమ్మాయిని ఎంచి మూడు నెలలు నేర్పించారు. ఈ పేటకి హేమ. చేపలమ్మే నాగమల్లేశ్వరి కూతురు, పదో తరగతి పాసైంది, అందరికీ వరస కలిసిన పిల్ల. తెలిసిన పిల్లయితేనే ఆడవాళ్ళు రవిక విప్పుతారని ట్రస్టువాళ్ళ ఊహ. ఊహ నిజమే అయింది. అందులో ఉన్న పొరపాటు మాత్రం అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

బుధవారం మూడో రోజు. పన్నెండు కొట్టేసరికి ముప్పై ఒక్కమంది అయ్యారు. ముప్పై రెండో మనిషి కొండలమ్మ.

"ఒసే హేమా, ఇప్పుడే తట్ట దించి వచ్చా. నీసు కొడతా ఉంటా, ముక్కు మూసుకో" అంటూ చీర తప్పించుకుని లోపలికొచ్చింది. యాభై దాటిన మనిషి. ముంజేతుల మీద పొలుసులు అక్కడక్కడా మెరుస్తున్నాయి.

"నీసు నాకు కొత్తా పిన్నీ? రా, కూర్చో" అంది హేమ.

కొండలమ్మ పైట తీయబోతూ ముందు రవికలోకి చెయ్యి పెట్టి, ఎడమ పక్కనుంచి చిల్లర సంచి బయటికి లాగింది. ఎర్రపూల గుడ్డతో కుట్టిన సంచి, మూతికి నాడా, చెమటకి నల్లబడిపోయింది. బల్ల చివర పెడితే దబ్బుమంది. ఈ పేటలో చేపలమ్మే ఆడవాళ్ళందరికీ ఆ సంచి అక్కడే ఉంటుంది. రెండు చేతులూ నీళ్ళలోనూ నెత్తుట్లోనూ ఉంటాయి కాబట్టి నడుం దగ్గర ముడి విప్పుకోవడం కుదరదు. కుడిచేతి రెండు వేళ్ళు తుడుచుకుని ఎడమ రవికలో పెట్టడం తేలిక.

హేమ చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. మూడు వేళ్ళ మెత్తలు ఆనించి, మెడ ఎముక కింద మొదలుపెట్టింది. రూపాయి బిళ్ళంత మేర చుట్టూ తిప్పుతూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, దుక్కి దున్నినట్టు సాలు పక్కన సాలు. ప్రతి చోటా మూడు నొక్కులు. మొదటిది తోలుకి, రెండోది కండకి, మూడోది పక్కటెముక తగిలేదాకా. చివర చంక. నేర్పించిన సువార్తమ్మ గారు రిటైరైన హెడ్ నర్సు. ఆవిడ రోజుకి పదిసార్లు చెప్పిన మాట ఒకటుంది. "చేత్తో అడగండమ్మా, నోటితో అడక్కండి. నోరు అబద్ధం చెబుతుంది. ఒకళ్ళకి భయం, ఇంకొకళ్ళకి మొహమాటం."

ఎడమ రొమ్ము లోపలి పక్కన, సంచి ఉండే చోట, హేమ వేళ్ళకి గట్టిగా తగిలింది. వేళ్ళు ఆగాయి.

కొండలమ్మ కిందికి చూసి పకపకా నవ్వింది. "అది సంచి కాయే పిల్లా! ముప్పై ఏళ్ళ బరువు. తట్ట మోసి మోసి మాడు కాయ కాయలా? ఇదీ అంతే. మీ అమ్మకి లేదూ?"

ఉంది. చిన్నప్పుడు అమ్మ పక్కలో పడుకుంటే చెంపకి ఆ గట్టి చోటే తగిలేది. పొద్దుటినుంచీ వచ్చిన చేపలవాళ్ళందరికీ ఎంతో కొంత ఉంది. మొదటి మనిషి దగ్గర ఆగి అడిగింది. రెండో మనిషి నుంచి అడగకుండానే తెలుస్తోంది. హేమకి నవ్వొచ్చింది. బయటినుంచి వచ్చిన నర్సయితే కంగారుపడి ఎర్రచీటీ రాసేసేది పాపం, అనుకుంది. ఆ అనుకోవడంలో కాస్త గర్వం కూడా ఉంది.

వేళ్ళు ఆ చోటు దాటించి, మిగతాదంతా పద్ధతిగా చూసి, రిజిస్టర్లో "గడ్డ లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి, పచ్చచీటీ మీద స్టాంపు వేసి ఇచ్చింది. ఎర్రచీటీ అయితే వచ్చే గురువారం వ్యాను ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. పచ్చచీటీ అయితే మళ్ళీ రెండేళ్ళకి పరీక్ష.

"ఇదేనా? దీనికేనా ఈ ఆడాళ్ళందరూ నాలుగు రోజులుగా నిద్దర్లు మానుకుంది?" కొండలమ్మ చీటీని నాలుగు మడతలు పెట్టి, చిల్లర సంచిలో వేసి, నాడా బిగించి, సంచిని మళ్ళీ ఎడమ పక్కన దోపుకుంది. బయటికి వెళ్ళి బెంచీవాళ్ళతో గట్టిగా అంది: "ఏం లేదే, చక్కిలిగిలి పెట్టించుకోడమే. పదండి పదండి!" ఆ మాటతో అటూ ఇటూ ఊగుతున్న ఏడెనిమిది మంది గబగబా పేర్లు రాయించుకున్నారు.

*

నాగమల్లేశ్వరికి మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళయింది. తట్ట మానేసింది. హాలుదాకా నడవలేదు కాబట్టి, సాయంత్రం హేమ ఇంట్లోనే తల్లిని మంచం మీద పడుకోబెట్టి పరీక్ష మొదలుపెట్టింది.

"నాకెందుకే, తట్టతో పాటు అన్నీ పోయినై" అంటూనే నాగమల్లేశ్వరి చెయ్యి తలకింద పెట్టుకుంది. "ఇవాళ కొండలమ్మొచ్చిందంటగా. అది మధ్యాన్నం నించీ పేటంతా చెప్పుకుంటంది, నాకు పచ్చచీటీ వచ్చిందని, దానికేదో బహుమానం ఇచ్చినట్టు."

హేమ నవ్వుతూ వేళ్ళు జరుపుతోంది. ఎడమ పక్క సంచి చోటు వచ్చింది. రెండేళ్ళుగా సంచి లేకపోయినా ఆ చోటు ఇంకా నల్లగా, మందంగా ఉంది. ఇంటి దగ్గర తొందరేముంది, పైగా అమ్మ. హేమ ఆ గట్టి చోటుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. దిబ్బరొట్టె అంచులా తేలిగ్గా పైకి లేచి వచ్చింది. తోలుతోపాటు అటూ ఇటూ కదిలింది. దాని కింద రెండో నొక్కు నొక్కింది, మూడోది నొక్కింది. కింద మెత్తగా ఉంది. ఏమీ లేదు.

హేమ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడం మర్చిపోయినట్టు.

మధ్యాహ్నం కొండలమ్మది పైకి లేవలేదు. తోలు కదిలింది, కింద ఉన్నది కదల్లేదు. ఆ సంగతి వేళ్ళకి అప్పుడే తెలుసు. వేళ్ళు చెప్పబోతుంటే కొండలమ్మ నవ్వింది, తను కూడా నవ్వింది.

"ఏంటే, ఏమన్నా ఉందా?" నాగమల్లేశ్వరి తల ఎత్తింది.

"నీకేం లేదమ్మా."

"మరట్టా చల్లబడినయ్యేంటి చేతులు?"

హేమ తల్లి రవిక గుండీలు తనే పెట్టింది. ఒకటి తప్పు కన్నంలో పెట్టి, తీసి మళ్ళీ పెట్టింది.

*

గురువారం పొద్దున ఏడింటికి చేపల సెంటర్లో కొండలమ్మ పీటమీద కూర్చుని కత్తిపీట కాలివేళ్ళ కింద తొక్కిపట్టి ఉంది. ముందు రాగండి చేపలు, పక్కన బేసిన్లో కొర్రమీనులు నీళ్ళు చిమ్ముతున్నాయి. కొర్రమీను జారిపోకుండా బూడిద అద్ది, తోక పట్టుకుని, కత్తికి ఎదురుగా ఒక్క లాగు లాగితే తల ఊడి పడుతోంది. కొనడానికొచ్చిన ఒకాయన చేపని వేలితో నొక్కి చూస్తుంటే, "నొక్కండి బాబూ, బాగా నొక్కండి. గుంట పడిందా నా చెవి కోసిస్తా" అంటోంది.

"పిన్నీ, ఒక్కసారి మీ ఇంటికెళ్దాం రా. మళ్ళీ చూడాలి" అంది హేమ నెమ్మదిగా, వంగి.

"ఏం చూడాలి?"

"నిన్నటిదే. నేను సరిగా చూళ్ళేదు."

పక్క పీటమీద సీతారావమ్మ ఫక్కున నవ్వింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, సెంటర్లో అందరికంటే నోరుగలది. రవికలోంచి నీలం గుడ్డ సంచి లాగి ఎవరికో చిల్లర ఇస్తూ, "చూసిందే మళ్ళీ చూడ్డానికి అదేమన్నా సినిమానా హేమా?" అంది. నలుగురూ నవ్వారు.

కొండలమ్మ నవ్వలేదు. హేమ మొహం కేసి చూసి, కత్తిపీట సీతారావమ్మకి అప్పగించి లేచింది.

కొండలమ్మ ఇంట్లో తలుపు వేసి హేమ మళ్ళీ చూసింది. ఈసారి మాట్లాడలేదు, మాట్లాడనివ్వలేదు. పైన కాయ ఉన్న మాట నిజమే. కాయ కింద, లోపల, ఉసిరికాయంత గట్టిగా ఒకటుంది. అంచులు అందడం లేదు. చంకలో వేళ్ళు పెట్టింది. అక్కడ శనగగింజల్లా రెండు తగిలాయి. నిన్న చంక కూడా చూసింది. సంచి కాయేనని మనసు ముందే తేల్చేసుకుంది కాబట్టి వేళ్ళు అక్కడ ఏదో మొక్కుబడిగా తిరిగొచ్చాయి.

"గడ్డుంది పిన్నీ. నిన్ననే చెప్పాల్సింది. నాదే తప్పు. డాక్టరుకి చూపించాలి."

కొండలమ్మ రవిక సర్దుకుంది. సంచి చేతిలోకి తీసుకుని, నాడా విప్పి, పచ్చచీటీ తీసి మడతలు విప్పింది. దాని మీద తడి మరక పడింది. "నిన్న లేదని స్టాంపు గుద్దావు. ఇయ్యాల ఉందంటన్నావు. నీ చెయ్యి నిన్న అబద్ధం ఆడిందా, ఇయ్యాల ఆడతందా?"

"నిన్న."

"నిన్నంతా పేట తిరిగి నేను చెప్పుకున్నా కదే."

గుమ్మం బయట వలకి ముడులు వేస్తున్న మొగుడు పోతురాజు తల తిప్పకుండానే అన్నాడు: "దానికింకా పని రాలేదులే. నేర్చుకోడానికి నీ ఒళ్ళే దొరికిందా? ఎల్లు, ఎండెక్కితే చేప మెత్తబడిద్ది."

కొండలమ్మ చీటీ మళ్ళీ మడిచింది. సంచిలో వేసి, కాసేపు సంచిని చేతిలోనే పట్టుకుని నిలబడి, ఈసారి కుడి పక్కన దోపుకుంది. "చూద్దాంలే. కాయైతే బరువు తీస్తే మెత్తబడాలిగా" అని, హేమ వైపు చూడకుండా సెంటరుకి వెళ్ళిపోయింది.

*

ట్రస్టు ఆఫీసు సూర్యారావుపేటలో, ఒక డాబా మీద. కోఆర్డినేటరు వెంకటకృష్ణారావు మర్యాదస్తుడు. హేమని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, చెప్పిందంతా విన్నాడు.

"మూడు రోజుల రిజిస్టరు నిన్న సాయంత్రమే వచ్చేసిందమ్మా. డాక్టరు గారు చూసి సంతకం కూడా పెట్టేశారు."

"ఒక్క గడి మార్చండి సార్. ఎర్రచీటీ రాస్తే వచ్చే గురువారం వ్యానులో..."

"ఒక్క గడే అంటావు. ఒకసారి లేదని రాసిచ్చి, మర్నాడు ఉందంటే, మిగతా చీటీల మాటేమిటమ్మా? ఇది చూసి ఎవరైనా అడుగుతారు గదా. మొత్తం పేట రిపోర్టుకే మచ్చ." ఆయన గొంతు పెంచలేదు. "ఆవిణ్ణి తనంతట తాను పెద్దాసుపత్రికి వెళ్ళమను. మనం వద్దన్నామా? మన ద్వారా మాత్రం కుదరదు. మళ్ళీ రౌండులో ఎలాగూ చూస్తాం."

"రెండేళ్ళకా సార్?"

"పద్ధతి అదే కదమ్మా."

ఏడవకూడదనుకుంది గాని మెట్లమీదే ఏడుపొచ్చేసింది. కింద వరండాలో సువార్తమ్మ గారు తర్వాతి బ్యాచికి రబ్బరు రొమ్ము బొమ్మ మీద గడ్డలు వెతకడం నేర్పిస్తున్నారు. హేమని చూసి బయటికొచ్చారు. అంతా విన్నాక తిట్టలేదు. తిడితే బాగుండును. హేమ కుడిచెయ్యి పట్టుకుని, మూడు వేళ్ళ కొసలు తన బొటనవేలితో నిమిరారు.

"వేళ్ళకి తెలిసిందిగా?"

"తెలిసింది సిస్టర్. నేనే వినలేదు."

"ఇక్కడ రాయకపోతే మానె. సోమవారం పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీ. నేనొస్తాను, ఆవిణ్ణి తీసుకురా" అన్నారావిడ. "నాతో చదువుకున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు అక్కడ."

తీసుకురావడమే కాని పని. శుక్రవారం హేమ రెండుసార్లు వెళ్ళింది. సోమవారం పెద్దాసుపత్రికని చెబితే కొండలమ్మ మొదటిసారి బేరంలో ఉన్నానంది, రెండోసారి ఇంట్లో ఉండీ పలకలేదు. అంతకంటే పెద్ద దెబ్బ హాల్లో తగిలింది. ముందురోజే సీతారావమ్మ నోటి నుంచి మాట పేటంతా పాకింది: హేమ చెయ్యి ఇవాళొకటి రేపొకటి చెబుతుందట. శుక్రవారం నలుగురొచ్చారు. శనివారం ఒక్కరూ రాలేదు. హేమ పొద్దున్నించి మూడింటిదాకా బల్ల పక్కన కూర్చుంది. ఫ్యాను గాలికి చీర పైకి లేస్తే అవతల ఖాళీ బెంచీ కనిపించింది. నిజం చెప్పకపోతే ఒక్క మనిషికి అన్యాయం అయ్యేది. చెప్పినందుకు పేట మొత్తానికి అయింది. ఏం చేసి ఉండాల్సిందో ఎంత ఆలోచించినా తోచలేదు. చీరలు విప్పి మడతపెట్టి, దుప్పటి చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

*

సోమవారం పొద్దున ఆరింటికి తలుపు కొట్టిన చప్పుడు. కొండలమ్మ. తలకి నూనె రాసి ముడేసుకుంది. పెళ్ళిళ్ళకి కట్టే ముదురాకుపచ్చ చీర కట్టింది.

"నాలుగు రోజులు కుడి పక్కన పెట్టుకున్నా" అంది గుమ్మంలోనే. "కాయ మెత్తబడింది గాని, అది మెత్తబళ్ళా. రాత్రి నా అంతట నేనే తడిమి చూసుకున్నా. ముక్కలో ముల్లు తగిలినట్టు తగిలింది. పద, ఎక్కడికన్నావు?"

ఓపీలో పది దాటేసరికి పిలుపొచ్చింది. కొండలమ్మ సంచి తీసి హేమ చేతిలో పెట్టింది. సంచి వెచ్చగా, తడిగా ఉంది. హేమ రెండు చేతులా పట్టుకుంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చాలాసేపు చూసింది. చంకలో ఇంకా ఎక్కువసేపు చూసింది. మెడ ఎముక పైన కూడా వేళ్ళు పెట్టింది. "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"సంచి మోసినన్నాళ్ళ నుంచీ ఉందనుకున్నానండీ" అంది కొండలమ్మ.

డాక్టరుకి అర్థం కాలేదు. సూదితో తీసి పరీక్షకి పంపింది. ఎక్స్‌రే రాసింది. కొండలమ్మ అవతల రవిక తొడుక్కుంటుంటే సువార్తమ్మ గారితో గొంతు తగ్గించి చెప్పింది: "కింద కండకి అంటుకుపోయింది మేడమ్. రిపోర్టు వచ్చాక చూద్దాంగాని, క్యాన్సరేనన్న దాంట్లో నాకు సందేహం లేదు. ఇప్పుడు ఆపరేషన్ కుదరదు. ముందు మందులెక్కించి చూడాలి. గుంటూరు ఆసుపత్రికి రాసిస్తాను."

"నేను బుధవారమే చెప్పి ఉంటే..." అంది హేమ.

"అయిదు రోజులకేం కాదమ్మా. ఇది ఏడాది, ఏడాదిన్నర నాటిది."

ఆ మాటకి ఊరట కలగాలి. కలగలేదు. ఏడాదిన్నరగా ఆ సంచి కిందే పెరుగుతూ ఉంది. అప్పుడు అడిగే చెయ్యి లేదు. తీరా చెయ్యి వచ్చాక, అది నవ్వేసి దాటిపోయింది.

తిరుగు బస్సులో సువార్తమ్మ గారు ముందు సీట్లో కూర్చున్నారు. కొండలమ్మ కిటికీ దగ్గర కూర్చుని బ్యారేజీ వైపు చూస్తోంది. సంచి ఇంకా హేమ ఒళ్ళోనే ఉంది. ఆవిడ అడగలేదు, హేమ ఇవ్వలేదు.

"డాక్టరమ్మ మాట నాకూ వినపడింది. కోస్తారంటే భయపడ్డా" అంది కొండలమ్మ. "కొయ్యరంటేనే ఇంకా భయంగా ఉందే."

హేమ సంచి నాడా వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

బస్సు రథం సెంటరు దాటాక కొండలమ్మ ఇటు తిరిగింది. "సరే, నా సంగతట్టా అయింది. మరి మిగతావాళ్ళ మాటేంటే?"

"ఏ మిగతావాళ్ళు?"

"సంచి మోసేది నేనొక్కదాన్నేనా?"

అదే మాట. ఆఫీసులో ఆయన అన్నదీ అదే మాట, మిగతా చీటీల మాటేమిటని. ఆయన తలుపు మూయడానికి అన్నాడు కాబట్టి హేమకి తలుపే కనిపించింది, మాట వినిపించలేదు. ఈ అయిదు రోజులూ ఒక్క కొండలమ్మని తలుచుకుని ఏడ్చింది. చేపలవాళ్ళు ఎంతమంది వచ్చారు? పద్నాలుగు మందో, పదిహేను మందో. అందరి దగ్గరా ఆ చోటు రాగానే వేళ్ళు తేలికపడ్డాయి. అందరి చీటీ పచ్చదే.

"వాళ్ళు రారు పిన్నీ. నా చెయ్యి అబద్ధాల చెయ్యంటున్నారు."

"అంటారు. నేనూ అన్నాగా" అంది కొండలమ్మ.

*

మంగళవారం బేరాలయ్యే వేళకి కొండలమ్మ సెంటర్లో నిలబడి ఏం చెప్పిందో హేమకి తెలియదు. సీతారావమ్మ మొదట దెబ్బలాడిందనీ, కొండలమ్మ జనం మధ్యలో దాని చెయ్యి లాక్కుని తన రవిక లోపల పెట్టి నొక్కించిందనీ, ఆ తర్వాత అక్కడ ఎవరూ నవ్వలేదనీ నాగమల్లేశ్వరి చెప్పింది. ఆవిడకీ ఎవరో వచ్చి చెప్పిందే.

మూడింటికి కొండలమ్మ ఇంట్లో, దండెం మీద చీర వేసి, వెనక నులకమంచం వేశారు. పోతురాజు ఎవరూ చెప్పకుండానే వల తీసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళిపోయాడు. పద్నాలుగు మందిలో పదకొండు మంది వచ్చారు. రిజిస్టరు లేదు, స్టాంపు లేదు. హేమ దగ్గర ఒక బడి నోటుపుస్తకం ఉంది. ఇక్కడ గడ్డ దొరికినా వ్యాను రాదు. సువార్తమ్మ గారి వెంట బస్సెక్కి ఓపీలో నిలబడాలి, అంతే. అది కూడా ముందే చెప్పింది.

కొండలమ్మ చీరకి ఇవతల నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తన ఎర్రపూల సంచి గోడ గూట్లో పెట్టేసింది. "సంచులు ఇటియ్యండి. నా ఒళ్ళో ఉంటయ్యి, ఎవరిదీ పోదు" అంది. ఒక్కొక్కరూ రవికలోంచి సంచి తీసి ఆవిడ ఒళ్ళో వేశారు. పసుపు గుడ్డది, గళ్ళ లుంగీ ముక్కతో కుట్టినది, పాత పంచె అంచుది. సీతారావమ్మ నీలం సంచి వేస్తూ ఏదో హాస్యం ఆడబోయి మానేసింది. బరువుకి కొండలమ్మ చీర కుచ్చిళ్ళు కిందికి జారాయి.

హేమ చేతులు రుద్దుకుంది. వెచ్చబడలేదు. దీపం వెలిగించమని అడిగి, దాని దగ్గర కాచుకుంది. మొదటి మనిషిని పడుకోబెట్టి, ఎడమ సంచి చోటు దగ్గర కాయని రెండు వేళ్ళతో పైకెత్తి, కింద నొక్కింది. ఎవరితోనూ మాట్లాడలేదు. చేత్తో మాత్రమే అడిగింది.

"ఏమే?" అంది కొండలమ్మ చీర ఇవతలి నుంచి.

"లేదు పిన్నీ."

కొండలమ్మ ఆ మనిషి సంచి ఆ మనిషికి తిరిగిచ్చేసింది. రెండో మనిషి. "ఏమే?" "లేదు." మూడు, నాలుగు. అయిదో ఆవిడ దగ్గర హేమకి అనుమానమొచ్చి రెండుసార్లు చూసి, "లేదు" అంది. ఆరో ఆవిడ సంచి అందుకుని, గుమ్మం దగ్గర కూలబడి, తనకేమీ లేదని తెలిశాక వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడో మనిషి సీతారావమ్మ. మంచం మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు కేసి చూస్తూ, "నాది చిన్న కాయే హేమా, పన్నెండేళ్ళ కాయ" అంది.

హేమ కాయని వేళ్ళ మధ్యకి పట్టుకుంది. తోలు పైకి లేచింది. కింద నొక్కింది. ఇంకోసారి నొక్కింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చుట్టూ వేళ్ళు తిప్పింది.

"ఏమే?" అంది కొండలమ్మ.

లోపలినుంచి జవాబు రాలేదు. గుమ్మం దగ్గర ఏడుస్తున్నావిడ ఏడుపు ఆపి తల ఎత్తింది. మిగిలిన నలుగురూ చీర వైపు చూస్తున్నారు.

కొండలమ్మ రెండోసారి అడగలేదు. ఒళ్ళోని సంచుల్లోంచి నీలంది వెతికి తీసి, లేచి, గూట్లో తన సంచి పక్కన పెట్టింది.